పలక నుంచి ప్యానెల్ దాకా: యాభై ఏళ్ల లెక్కల తరగతి

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు లెక్కల చదువు గురించి ఏదైనా రాయమని సంపాదక వర్గం అడిగింది. పాత జ్ఞాపకాలు నాలుగు రాసి ఊరుకుందామనుకున్నాను. కానీ ఈ ఏడాది మన సమావేశాలన్నింటిలో ఒకటే చర్చ నడుస్తోంది. యాభై ఏళ్ల గుర్తుగా బడికి ఏమివ్వాలి? పిల్లకొక ట్యాబ్ కొనిద్దామని విదేశాల్లో ఉన్న మిత్రులు కొందరు అంటున్నారు. కంప్యూటర్ గది కట్టిద్దామని ఇంకొందరు. ఎక్కాలే రాని పిల్లలకు ఈ తెరలన్నీ ఎందుకు, ఆ డబ్బు ప్రహరీగోడకు పెట్టండి అని ఊళ్లో ఉన్న పెద్దలు. ముప్ఫై ఆరేళ్లు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి అందరూ నా వైపు చూస్తున్నారు. ఆ సమావేశాల్లో రెండు నిమిషాల్లో చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ కాస్త తీరిగ్గా చెబుతాను. అందుకు యాభై ఏళ్ల వెనక్కి, ఒక్కోచోట ఇంకా వెనక్కి వెళ్లాలి.

ఇసుక, పలక

సంఘం పుట్టిన 1975లో నేను ఎనిమిదో తరగతి. ఆనాటి లెక్కల తరగతిలో సామగ్రి అంటే నల్లబల్ల, సుద్దముక్క, మాస్టారి చేతిలో చెక్క వృత్తలేఖిని. మా దగ్గర రేకు జామెట్రీ బాక్సు. అందులో కోణమానిని, రెండు మూలమట్టాలు, చిన్న పెన్సిలు ముక్క. నలుగురికి ఒక డబ్బా ఉంటే గొప్ప.

చిన్న తరగతుల్లో మాత్రం ప్రతి పిల్లవాడి చేతిలో ఒక పనిముట్టు ఉండేది. అది పలక. మాస్టారు నోటిలెక్క చెప్పేవారు. అందరం చేసి పలకలు బోర్లా పెట్టేవాళ్లం. "ఎత్తండి" అనగానే నలభై పలకలు ఒకేసారి లేచేవి. ఒక్క చూపులో ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో, ఎంతమంది ఒకే తప్పు చేశారో ఆయనకు తెలిసిపోయేది. తప్పయితే చేత్తో తుడిచి మళ్లీ చేయడమే. ఈనాటి ఆన్‌లైన్ క్విజ్‌లు చేసే పని కూడా ఇదే. పిల్లలందరి జవాబులూ ఒకేసారి టీచరు ముందుకు వస్తాయి. ఆ క్విజ్‌లు చూసినప్పుడల్లా నాకు ఆ నలభై పలకలే గుర్తుకొస్తాయి.

పలక కంటే ముందు ఇసుక ఉండేది. ఈ ఇసుకకు ప్రపంచ విద్యా చరిత్రలో చోటుంది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండ్ మతాచార్యుడు 1789లో మద్రాసులో మగపిల్లల అనాథ శరణాలయానికి బాధ్యుడయ్యాడు. అక్కడి వీధిబడుల్లో పిల్లలు నేలమీద ఇసుక పరిచి వేలితో రాయడం, తుడవడం, మళ్లీ రాయడం చూశాడు. కాగితం ఖర్చు లేదు, తప్పుకు భయం లేదు. ఆ పద్ధతిని తన శరణాలయంలో పెట్టాడు. నేర్చుకున్న పెద్ద పిల్లవాడు చిన్నవాడికి చెప్పే ఏర్పాటూ చేశాడు. ఇంగ్లండుకు తిరిగి వెళ్లి 1797లో దాని మీద పుస్తకం వేశాడు. ఇంగ్లండులో అది "మద్రాసు పద్ధతి" పేరుతో వ్యాపించింది. అంటే మన అరుగుబడి ఇసుక సముద్రం దాటి వెళ్లింది.

ఈ ఇసుకలో గమనించాల్సినది ఒకటుంది. పిల్లవాడు తన చేత్తో చేస్తాడు, ఫలితం వెంటనే కళ్లముందు కనిపిస్తుంది, తప్పయితే సరిచేసుకుంటాడు. ఈ మూడూ ఉన్న పనిముట్టు ఇసుకైనా కంప్యూటరైనా నేర్పుతుంది. లేనిది ఎంత ఖరీదైనదైనా చూడ్డానికి బాగుంటుంది, అంతే. ఇకమీద చెప్పబోయేదంతా ఈ కొలబద్దతోనే కొలుస్తాను.

ఆకాశం నుంచి పాఠం

అదే 1975లో, ఆగస్టు 1న, మన దేశంలో పెద్ద ప్రయోగం మొదలైంది. దాని పేరు సైట్. అమెరికా నాసా ఏడాది పాటు ఇచ్చిన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్లగూడు వల లాంటి తీగ వలతో పెద్ద గొడుగు యాంటెన్నాలు కట్టారు. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. అంతవరకు టీవీ అన్నదే చూడని పల్లెల్లో తెలుగు మాట ఆకాశం నుంచి దిగింది. 1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది.

అది గొప్ప సాహసమే. దాని నుంచి మన అంతరిక్ష సంస్థ ఎంతో నేర్చుకుంది. అయితే లెక్కల మాస్టారి కళ్లతో చూస్తే అందులో ఒక లోటుంది. తెర చెబుతుంది, పిల్లవాడు చూస్తాడు. పిల్లవాడికి అర్థం కాకపోతే తెరకు ఆ సంగతి తెలియదు. పలక ఎత్తమని అడిగేవారు అందులో లేరు. తర్వాత వచ్చిన టీవీ పాఠాలు, క్యాసెట్లు, సీడీలు అన్నింటిలోనూ ఈ లోటే కొనసాగింది.

తాబేలు నేర్పిన జ్యామితి

ఇదే కాలంలో అమెరికాలో మరో దారిలో ప్రయత్నాలు సాగుతున్నాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ 1960లోనే ప్లేటో అనే కంప్యూటర్ బోధనా వ్యవస్థ మొదలుపెట్టాడు. 1972 నాటికి దాని తెరను వేలితో తాకితే పనిచేసేది. మన ఊళ్లో ఫోను కూడా లేని రోజులవి! 1970లలో షారన్ డగ్డేల్ భిన్నాల కోసం దానిమీద ఒక ఆట తయారుచేసింది. తెరమీద ఒక సంఖ్యారేఖ, దానికి అక్కడక్కడ బుడగలు కట్టి ఉంటాయి. బుడగ ఎక్కడ ఉందో అంచనా వేసి భిన్నం రూపంలో టైపు చేయాలి. చేయగానే బాణం సరిగ్గా ఆ బిందువు దగ్గరికే వెళ్తుంది. సరిపోతే బుడగ పేలుతుంది. తప్పితే బాణం ఎంత ఇటు పడిందో, ఎంత అటు పడిందో పిల్లవాడికే కనిపిస్తుంది. "తప్పు" అని యంత్రం అరవదు. మూడింట ఒకటి ఎక్కువా, నాలుగింట ఒకటి ఎక్కువా అన్న సందేహం ఆ ఆటలో దానంతటదే తీరుతుంది.

రెండోది లోగో. 1967లో సేమౌర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోర్జైగ్ కలిసి పిల్లల కోసం తయారుచేసిన కంప్యూటర్ భాష ఇది. పాపర్ట్ దక్షిణాఫ్రికాలో పుట్టాడు, జెనీవాలో పియాజె దగ్గర పనిచేసి, ఎం.ఐ.టి.లో స్థిరపడ్డాడు. లోగోలో ఒక తాబేలు ఉంటుంది. "ముందుకు 100, కుడికి 90" అంటే నూరడుగులు నడిచి కుడికి తిరుగుతుంది, వెనక గీత మిగులుతుంది. నాలుగుసార్లు చెబితే చతురస్రం.

సమబాహు త్రిభుజం గీయమంటే ప్రతి పిల్లవాడూ ఒకే తప్పు చేస్తాడు. కోణం 60 అని పుస్తకంలో చదివాడు కాబట్టి "ముందుకు 100, కుడికి 60" అని మూడుసార్లు చెబుతాడు. తాబేలు మూడు గీతలు గీసి ఎక్కడో ఆగిపోతుంది. త్రిభుజం మూసుకోదు, షడ్భుజిలో సగం వస్తుంది. అప్పుడు పిల్లవాడు తానే తాబేలై నడిచి చూసుకోవాలి. నడిచేవాడు మూల దగ్గర తిరిగేది లోపలి కోణం కాదు, బాహ్యకోణం. అంటే 120. ఏ బహుభుజి చుట్టూ నడిచి వచ్చినా మొత్తం తిరిగేది 360 డిగ్రీలే.

ఈ సంగతి చదివాక నేను కంప్యూటర్ కోసం ఆగలేదు. బడి ఆవరణలో ముగ్గుపిండితో గీతలు గీయించి, ఒక పిల్లవాడి కళ్లకు గంతలు కట్టి, మిగతావాళ్ల చేత ఆదేశాలు ఇప్పించాను. కళ్లకు గంతలున్నవాడు షడ్భుజిలో సగం నడిచి గోడకు తగలబోయినప్పుడు తరగతంతా నవ్వింది. బాహ్యకోణం మాత్రం ఎవరూ మరిచిపోలేదు. లోగో అసలు గొప్పతనం యంత్రంలో లేదని నాకు ఆ రోజు తెలిసింది.

తాళం వేసిన గది

మన దేశంలో బళ్లకు కంప్యూటర్లు తెచ్చే తొలి పెద్ద ప్రయత్నం 1984-85లో మొదలైన క్లాస్ పథకం. బ్రిటన్ నుంచి బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు తెప్పించి, మొదట సుమారు 250 పాఠశాలలకు ఇచ్చారు. పథకం పేరులోనే కంప్యూటర్ అక్షరాస్యత అన్న మాట ఉంది. అంటే కంప్యూటర్ గురించి నేర్పడమే లక్ష్యం. దానితో లెక్కలు నేర్పడం అన్నది పక్కకు పోయింది. 2004 డిసెంబరులో కేంద్రం ఐసీటీ పథకం తెచ్చాక ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ గదులు వచ్చాయి.

నేను పనిచేసిన ఒక బడికి కూడా అలా గది వచ్చింది. కొత్త కంప్యూటర్లు, తలుపుకు రెండు తాళాలు. పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో ఒక తాళంచెవి ప్రధానోపాధ్యాయుల దగ్గర, ఇంకోటి కంప్యూటర్ బోధకుడి దగ్గర ఉండేవి. ఇద్దరూ ఒకే రోజు ఉండాలి, ఆ గంటలో కరెంటు ఉండాలి. నేను అడిగిన పది సార్లలో రెండుసార్లు పిల్లల్ని లోపలికి తీసుకెళ్లగలిగాను. బోధకుడి గడువు ముగిసి వెళ్లిపోయాక గది పూర్తిగా మూతపడింది. తర్వాత తలుపు తీసినప్పుడు దుప్పట్ల కింద కీబోర్డులు కొత్తవిలాగే ఉన్నాయి. తప్పు ఏ ఒక్కరిదీ కాదు. వస్తువు కొనడానికి పద్దు ఉంది, అది పిల్లల చేతిలో పడడానికి పద్దు లేదు.

ఫ్రాన్సు నుంచి ఒక రఫ్ నోటు

1980ల మధ్యలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో జాన్-మారీ లాబోర్డ్ బృందం కాబ్రి అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టింది. ఆ పేరు ఫ్రెంచిలో చిత్తు పుస్తకం అనే మాటకు కుదింపు. మన పిల్లల భాషలో రఫ్ నోటు! 1991లో అమెరికాలో నికలస్ జాకివ్ రాసిన జామెటర్స్ స్కెచ్‌ప్యాడ్ వచ్చింది. ఈ రెండూ జ్యామితిని కదిలించాయి. కాగితం మీద గీసిన త్రిభుజం ఒక్కటే త్రిభుజం. తెరమీద గీసినదాని శీర్షాన్ని పట్టుకుని లాగితే క్షణంలో వందల త్రిభుజాలు. ఎలా లాగినా మారనిది ఏమిటో పిల్లలు వెతకాలి. మధ్యగత రేఖలు మూడూ ఒకే బిందువు దగ్గర కలుస్తున్నాయా? లఘుకోణ త్రిభుజాన్ని అధికకోణ త్రిభుజంగా లాగితే పరివృత్త కేంద్రం ఎక్కడికి పోయింది?

లాగడంలో ఇంకో పరీక్ష ఉంది. కంటి అంచనాతో నాలుగు గీతలు గీసి చతురస్రం అన్నవాడి బొమ్మ, ఒక మూల లాగగానే చెదిరిపోతుంది. లంబరేఖలు, వృత్తాలు వేసి నిర్మించినవాడి చతురస్రం ఎంత లాగినా చతురస్రంగానే ఉంటుంది. బొమ్మ గీయడానికీ నిర్మాణం చేయడానికీ తేడా ఏమిటో నేను ఏళ్ల తరబడి నల్లబల్ల దగ్గర గొంతు చించుకుని చెప్పాను. తెరమీద పిల్లలు ఒక్క నిమిషంలో పట్టుకున్నారు.

అయితే ఈ రెండూ కొనుక్కోవాల్సినవి. మన బళ్లకు అందలేదు. ఆ అడ్డు తొలగించినవాడు ఆస్ట్రియాకు చెందిన మార్కస్ హోహెన్‌వార్టర్. సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తన మాస్టర్స్ పరిశోధనగా 2001లో జియోజీబ్రా మొదలుపెట్టాడు. జ్యామితి, బీజగణితం రెండు మాటలూ కలిపిన పేరు అది. పేరుకు తగ్గట్టే ఒకవైపు బొమ్మ, ఇంకోవైపు సమీకరణం ఉంటాయి. పరావలయాన్ని లాగితే సమీకరణంలోని అంకెలు మారతాయి, అంకె మారిస్తే పరావలయం కదులుతుంది. తరగతిలో వాడుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఒకసారి కంప్యూటర్‌లో వేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. పల్లె బడికి ఇంతకంటే ఏం కావాలి?

180.01

నా సొంత ల్యాప్‌టాప్ తెచ్చి, అరువు ప్రొజెక్టర్ పెట్టి, తొమ్మిదో తరగతికి జియోజీబ్రా చూపించిన మొదటి రోజుల్లో జరిగింది ఇది. ఒక అమ్మాయిని పిలిచి త్రిభుజం గీయమన్నాను. మూడు కోణాల కొలతలూ తెరమీద వచ్చాయి. లాగినప్పుడల్లా మారుతున్నాయి. మొత్తం 180 వస్తుందో లేదో కూడి చూడమన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "సార్, 57.38, 71.26, 51.37. కూడితే 180.01 వస్తోంది."

తరగతి నిశ్శబ్దమైంది. నేనూ మళ్లీ కూడాను. అంతే వచ్చింది. కంప్యూటర్ తప్పా, సిద్ధాంతం తప్పా? ఆ గంటలో నేను అనుకున్న పాఠం పక్కన పెట్టాను. పిల్లలే వాదించుకున్నారు. యంత్రం అసలు కోణాన్ని రెండు దశాంశ స్థానాలకు సవరించి చూపిస్తోందని, మూడు సవరణలూ కలిసి ఆ 0.01 తెచ్చాయని చివరికి ఒక పిల్ల చెప్పింది. దశాంశ స్థానాలు పెంచి చూశాం. తేడా చిన్నదైంది. అప్పుడు ఆ వెనక బెంచీవాడే అడిగాడు: "మరి సరిగ్గా 180 అని ఎలా చెప్తాం సార్? ఎన్ని స్థానాలు పెంచినా కొలతే కదా?"

ఉపపత్తి ఎందుకు కావాలో నా ఉద్యోగంలో అంత బాగా అడిగినవాడు మరొకడు లేడు. ప్రొజెక్టర్ ఆపేసి, సుద్దముక్క తీసి, ఒక భుజానికి సమాంతరంగా ఎదుటి శీర్షం గుండా రేఖ గీశాను. ఏకాంతర కోణాలు. ఆ రేఖ దగ్గర మూడు కోణాలూ పక్కపక్కన చేరి సరళకోణమయ్యాయి. కొలత అక్కర్లేదు. ప్రతి ఏడూ చెప్పే ఉపపత్తే. కానీ ఆ ఏడు పిల్లలకు అది కావాల్సి వచ్చింది.

ఆ రోజు తెర చేసింది పిల్లలకు ప్రశ్న పుట్టించడం. జవాబు దగ్గరకు వెళ్లడానికి నల్లబల్ల అవసరమైంది. రెండూ ఒకే గదిలో ఉండబట్టే ఆ పాఠం కుదిరింది.

నెట్ వచ్చాక

ఇంటర్నెట్‌తో పనిముట్ల వరద వచ్చింది. 1999లో అమెరికా యూటా స్టేట్ విశ్వవిద్యాలయం పూసలు, భిన్నాల ముక్కలు, త్రాసులు వంటి బోధన సామగ్రిని తెరమీద కదిలించే పెద్ద సంపుటి తెచ్చింది. 2002లో భౌతికశాస్త్ర నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ కొలరాడోలో ఫెట్ ప్రారంభించాడు. మొదట భౌతికశాస్త్రం, తర్వాత లెక్కలు కూడా. 2011లో డెస్మాస్ గ్రాఫ్ కాలిక్యులేటర్ వచ్చింది. అమెరికాలో ఉన్న మన మిత్రుల పిల్లలకు ఇది బాగా తెలుసు, శాట్ పరీక్ష కంప్యూటర్ మీదకు మారాక పరీక్ష తెరలోనే అది ఉంటోంది.

ఖాన్ అకాడమీ కథ మన కొలబద్దకు బాగా సరిపోతుంది. 2004లో సల్మాన్ ఖాన్ బోస్టన్‌లో ఉండి, న్యూ ఆర్లియన్స్‌లో ఉన్న పిన్న బంధువు నాడియాకు లెక్కలు చెప్పాడు. ఫోనులో మాట్లాడుతూ, ఇద్దరూ ఒకే తెరమీద రాసుకుంటూ సాగిన చదువు అది. అంటే రెండు వైపులా చేతులు కదిలాయి. అడిగేవారు పెరిగాక 2006 నుంచి వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. ప్రపంచమంతా చూసింది. కానీ నాడియాకు దొరికిన ఎదురుమాట వీడియోలో లేదు. అందుకే ఆ సంస్థ తర్వాత అభ్యాసాలు, తప్పు చేసినప్పుడు సూచనలు చేర్చుకుంటూ వచ్చింది. 1975 ఆకాశపాఠం లోటును అది తనంతట తానే తెలుసుకుని పూడ్చుకోవాల్సి వచ్చింది.

ఇంకో పాఠం కూడా ఉంది. యూటా సంపుటి జావా మీద నడిచేది. బ్రౌజర్లు జావాను వదిలేయడంతో ఆ బొమ్మలు చాలావరకు ఆగిపోయాయి. 2020 చివర్లో ఫ్లాష్‌కు కాలం చెల్లడంతో ప్రపంచవ్యాప్తంగా ఎన్నో లెక్కల ఆటలు ఒక్కసారిగా మూగబోయాయి. నేను శ్రమపడి దాచుకున్న ఒక పెన్‌డ్రైవ్ నిండా అవే. నా పలక అయితే అటకమీద ఇప్పటికీ ఉంది. తుడిస్తే రాస్తుంది.

మన దగ్గర చెప్పుకోదగ్గ ప్రయత్నం క్లిక్స్. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, ఎం.ఐ.టి., టాటా ట్రస్టులు కలిసి 2015లో మొదలుపెట్టి తెలంగాణతో సహా నాలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో నడిపాయి. తెలుగులో పాఠాలు, నెట్ లేకపోయినా బడి కంప్యూటర్లలోనే నడిచే ఏర్పాటు. అందులో చతుర్భుజాల మీద ఒక పోలీసు ఆట ఉంది. ధర్మాలను బట్టి దొంగ చతుర్భుజం ఏదో పట్టుకోవాలి. మన పిల్లలకు మన భాషలో ఆడుతూ వాదించుకోవడానికి వీలున్నదే పనికొస్తుందని అది చూపించింది. 2017లో వచ్చిన దీక్షా వేదిక, పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు కూడా మంచి ఏర్పాట్లే. కానీ నేను తెరిచి చూసినవాటిలో ఎక్కువ భాగం వీడియోలే. మళ్లీ చూడడమే.

కరోనా ఏడాది

2020 మార్చిలో బళ్లు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు, సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో యాదగిరి, టీశాట్ ఛానళ్లలో తరగతులు. నేను వాట్సాప్‌లో లెక్కలు చెప్పాను. ఇంట్లో ఒక్క ఫోను, అది నాన్నతో పాటు పొలానికో పనికో పోతుంది. రాత్రి తొమ్మిదింటికి వచ్చాక పిల్లలు నోటుపుస్తకం ఫొటో తీసి పంపేవారు. వాటి మీద వేలితో ఎర్రగీతలు గీసి తిరిగి పంపేవాణ్ణి. ఆ ఏడాది నాకు బాగా పనికొచ్చిన ఆన్‌లైన్ పనిముట్టు ఆ ఫొటోయే. ఎందుకంటే అందులో పిల్లవాడి చేతిరాత ఉంది, వాడి తప్పు ఉంది. ఫోను లేనివాళ్ల సంగతి ఏమిటంటే నా దగ్గర జవాబు లేదు. బళ్లు తెరిచాక వాళ్లలో కొందరు తిరిగి రాలేదు.

పరిశోధనలు చెప్పేదేమిటి

ఇదంతా ఒక మాస్టారి అనుభవం అనుకోవచ్చు. మన దేశంలోనే జాగ్రత్తగా కొలిచిన పరిశోధనలు ఉన్నాయి. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో సహచరులతో కలిసి వడోదర మునిసిపల్ బళ్లలో నాలుగో తరగతి పిల్లలను పరిశీలించారు. వారానికి రెండు గంటలు, కంప్యూటర్‌కు ఇద్దరేసి పిల్లలు, స్థాయిని బట్టి లెక్కల ఆటలు. లెక్కల్లో మంచి మెరుగు కనిపించింది. కార్యక్రమం ఆపిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయిందనీ వాళ్లే చెప్పారు.

గుజరాత్‌లోనే లీ లిండెన్ 2008లో ప్రకటించిన అధ్యయనం ఇంకా ముఖ్యమైనది. ఒకే సాఫ్ట్‌వేర్‌ను రెండు విధాలుగా వాడి చూశారు. టీచరు చెప్పే సమయాన్ని తగ్గించి దాని బదులు కంప్యూటర్ పెట్టినచోట పిల్లలు వెనకబడ్డారు. బడి గంటల తర్వాత అదనంగా పెట్టినచోట ముందుకెళ్లారు. ముఖ్యంగా చదువులో వెనకబడ్డ పిల్లలకు అది ఎక్కువ మేలు చేసింది. పనిముట్టు అదే. టీచరుకు బదులుగా పెట్టారా, తోడుగా పెట్టారా అన్నదే తేడా.

మనం ఏమివ్వాలి

ఇప్పుడు మన ప్రశ్నకు వస్తాను. 2023 నుంచి ప్రభుత్వం బళ్లకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు ఇస్తోంది, మన బడికీ వచ్చింది. కాబట్టి గోడకు ఇంకో తెర అక్కర్లేదు. క్రితం నెల వెళ్లి ఒక తరగతిలో వెనక కూర్చున్నాను. ప్యానెల్ మీద పాఠం బాగానే నడిచింది. టీచరమ్మ ఓపికగా చెప్పింది. గంట మొత్తంలో తెరను తాకిన పిల్లలు ఇద్దరు. మిగతా ముప్ఫై ఆరుగురూ చేతులు కట్టుకుని చూశారు. ఆమెను తప్పుపట్టను. ఒక్క తెరకు ముప్ఫై ఎనిమిది మంది అయితే ఎవరైనా చేయగలిగేది అంతే.

అందుకే నా ప్రతిపాదన ఇది. పిల్లకొక ట్యాబ్ వద్దు. ఇంటికి పోయాక అందులో ఏం నడుస్తుందో మనందరికీ తెలుసు. వాడిన ల్యాప్‌టాప్‌లు పన్నెండో పదిహేనో చాలు. మనలో సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉన్నవాళ్లు అవి సమకూర్చగలరు. ఒక్కోదాని ముందు ఇద్దరో ముగ్గురో కూర్చుని వాదించుకోవాలి. నెట్ అవసరం లేకుండా జియోజీబ్రా వేసి ఉంచాలి. కరెంటు పోతే ఆగకుండా ఒక ఇన్వర్టర్. గదికి తాళంచెవి లెక్కల టీచరు దగ్గరే ఉండాలి, పాడైతే బాగుచేయించే ఖర్చు ఏటా సంఘం భరించాలి. ఈ చివరి మాట రాసుకోకుండా మిగతావి కొనవద్దని నా మనవి. తాళం వేసిన గదిని నేను ఒకసారి చూశాను, చాలు.

రెండోది, ఒక్కో పాఠానికి ఒక్కో కాగితం. తెలుగులో, మన పాఠ్యపుస్తకం క్రమంలో. "ఈ శీర్షాన్ని లాగు. ఏది మారలేదు? ఎందుకు?" అన్నంత చిన్నవి. రాయడం నేను మొదలుపెట్టాను. పద్నాలుగు అయ్యాయి. మనలో లెక్కలు చెప్పినవాళ్లు చెయ్యి కలపాలి.

మూడోది డబ్బుతో కొనేది కాదు. శనివారం బడి అయ్యాక ఒక గంట, మనలో ఒకరు వెళ్లి పిల్లల పక్కన కూర్చోవాలి. ఊళ్లో ఉన్నవాళ్లు నేరుగా, హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో. నేర్చుకున్నవాడు పక్కవాడికి చెప్పడం ఆండ్రూ బెల్ మద్రాసు నుంచి పట్టుకెళ్లిన పద్ధతే. ఒక పూర్వ విద్యార్థుల సంఘం చేయదగిన పని ఇంతకంటే నాకు తోచలేదు.

చివరగా ఒకటి నుంచి మూడు తరగతుల వరకు అందరికీ కొత్త పలకలు, బలపాల డబ్బాలు. ఖర్చు స్వల్పం. లెక్క చెప్పి "ఎత్తండి" అనే అలవాటు మళ్లీ రావాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన చర్చకు పెడుతున్నాను. ప్రహరీగోడ ముఖ్యమన్నవాళ్ల మాటా వింటాను. ఒప్పుకోనివాళ్లు లెక్క చూపించి ఒప్పుకోవద్దు. మన మాస్టారు నేర్పింది అదే కదా: జవాబు ఒక్కటే రాస్తే మార్కులు లేవు, చేసిన విధానం చూపించాలి.